గాజుతొట్టిలోని నీటిమొక్కలకు బొగ్గుపులుసు వాయువు

బడిలోనో, పంచాయతీ కార్యాలయములోనో గాజుతొట్టియందు చేపలతోపాటు నీటిమొక్కలను పెంచువారు, మొక్కలు ఎదుగుటలేదని మమ్ములను అడుగుచుందురు. మొక్కకు వెలుతురువలెనే బొగ్గుపులుసు వాయువును ముఖ్యము. ఈ వాయువు గాలిలోకంటె నీటిలో సుమారు 10 వేల రెట్లు నెమ్మదిగా వ్యాపించును. కనుక నిలువనీటిలోని మొక్కకు తరచు చాలదు.

ఇందుకు ఖరీదైన సిలిండరు అక్కరలేదు. కల్లుకుండలో నురుగు పొంగించునది ఈ వాయువే. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలో 200 గ్రాముల పంచదార, పావు చెంచా ఈస్టు వేసి, ముప్పాతికవంతు నిండునట్లు గోరువెచ్చని నీరు పోయండి. మూతకు రంధ్రము చేసి, సన్నని గొట్టమును గాలి పోకుండ బిగించండి. ఈ గొట్టమును మరొక చిన్న సీసాలోని నీటిలో ముంచి, ఆ సీసా పైభాగమునుండి రెండవ గొట్టమును తొట్టి అడుగునకు తీసికొనిపోయినచో నురుగు తొట్టిలోనికి రాదు. ఈ ద్రావణము సుమారు రెండు వారములు పనిచేయును.

గాజుసీసా వాడరాదు. గొట్టమును మూయరాదు, మూసినచో సీసా పగులును. సీసాలను తొట్టి నీటిమట్టమునకు పైన ఉంచవలెను. లేనిచో తొట్టినీరు వెనుకకు రావచ్చును.

రాత్రివేళ మొక్కలు ఈ వాయువును గ్రహింపవు, పైగా విడుచును. కావున పొద్దుగ్రుంకగనే గొట్టమును తొట్టినుండి తీసివేయండి. లేనిచో తెల్లవారుసరికి, చెరువులలో మీరు చూచునట్లే, చేపలు పైకివచ్చి నోళ్లు తెరచుచుండును. అట్లు కనబడిన వెంటనే, ఒకదినము నిలువయుంచిన నీటితో మూడవవంతు నీరు మార్చి, నీటిని కదిలింపవలెను.

మొక్క నాలుగు దినములు ఆలస్యముగా పెరిగినను నష్టము లేదు. చచ్చిన చేప తిరిగి రాదు.