తాతయ్య తిరిగిన ఊళ్ళు, మనవరాలు చదివే కథలు

మన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమూ వచ్చు. చదవమంటేనే తడబడతారు. తెలంగాణ బడుల్లో తెలుగును 2018 నాటి చట్టం దశలవారీగా తప్పనిసరి చేసింది. మేమూ శ్రద్ధగానే చెబుతున్నాం. అయినా పిల్లల కంటికి తెలుగు అక్షరం కనిపించేది పాఠ్యపుస్తకంలో, ఆ తర్వాత ప్రశ్నపత్రంలో. మార్కుల కోసం కాకుండా, ‘తర్వాత ఏమైంది?’ అన్న ఆత్రంతో తెలుగు చదివే అవసరం వాళ్ళకి రావడం లేదు.

ఆ అవసరం పుట్టించగలిగినవాళ్ళు చాలా ఇళ్ళలో హాల్లోనే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటారు. వాళ్ళు మన తాతయ్యలు, అమ్మమ్మలు, బాపమ్మలు. మనవడి కోసం, మనవరాలి కోసం వాళ్ళు ఒక్క కథ రాసిస్తే చాలు. అలా అడిగితే వచ్చే మొదటి జవాబు, “మేమేం రచయితలమా?” అని. రచయితలు కానక్కర్లేదు. వాళ్ళ దగ్గర రెండు మూటలున్నాయి: తిరిగిన ఊళ్ళు, చదివిన పుస్తకాలు. వాటిని విప్పడం ఎలాగన్నదే ఇక్కడి విషయం.

ముందు ప్రయాణం సంగతి. తెలుగులో యాత్రారచన అనగానే గుర్తుకొచ్చే ఏనుగుల వీరాస్వామయ్య గారు కథకులేమీ కాదు, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో మద్రాసు నుంచి పల్లకీలో కాశీకి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా వెళ్ళి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో చూసినవన్నీ శ్రీనివాసపిళ్ళె అనే స్నేహితుడికి జాబులుగా రాస్తూ వచ్చారు. అవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఈ మజిలీలో బావి ఉందా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, ఏటి రేవు దాటడం ఎలా అని రాసుకుంటూ పోయారాయన. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకం చదివించేది ఆ చిన్న చిన్న సంగతులే. పైగా ఒక మనిషికి రాస్తున్నానన్న ధ్యాస ఉండటం వల్ల అందులో ఉపన్యాసం ధోరణి తక్కువ.

మన పెద్దలు సాధారణంగా దీనికి ఎదురు చేస్తారు. కాశీ వెళ్ళొస్తే గుళ్ళ పేర్లు వరసగా చెబుతారు, అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వస్తే రోడ్లు ఎంత శుభ్రమో చెబుతారు. పిల్లలు రెండో వాక్యానికే లేచిపోతారు. వాళ్ళకి పట్టుకోవడానికి చేతిలో ఇమిడే వస్తువు ఒకటి కావాలి. గోదావరి గురించి రాయాలంటే నది పొడవు, పుట్టిన చోటు పక్కన పెట్టి, రూపాయి బిళ్ళ తీసుకోండి. రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి నదిలోకి డబ్బులు విసిరిన అనుభవం చాలామంది పెద్దలకు ఉంటుంది. అప్పుడు కథ ఇలా మొదలుకావచ్చు:

“రైలు వంతెన ఎక్కింది. బాపమ్మ కిటికీలోంచి రూపాయి విసిరింది. అది ఊచకి తగిలి, ఠంగుమని మళ్ళీ ఆమె ఒళ్ళోనే పడింది. ‘గోదారమ్మకి నా రూపాయి వద్దా?’ అనుకుంది బాపమ్మ.”

నాలుగు వాక్యాలు. అయినా ఇక్కడ ఆపితే ఏ పిల్లా ఊరుకోదు. ఏసీ బోగీల్లోనే తిరిగే మన పిల్లలు, తెరుచుకోని కిటికీలోంచి రూపాయి ఎలా విసిరావని కూడా అడుగుతారు. అడగనివ్వండి, రెండో కథకి అదే మొదలు.

ఎక్కడికీ వెళ్ళలేదనే పెద్దలకి సికింద్రాబాదే చాలు. ఇక్కడికి దగ్గర్లో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పనికే 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా జనరల్ నాలెడ్జి పుస్తకంలో దొరికేదే, పిల్లలు బట్టీ కూడా పడతారు. కథ ఉన్నది మరోచోట. హుసేన్ ఖాన్ అనే రోగి ఆ దోమల చేత కుట్టించుకున్నాడు, కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా చొప్పున పుచ్చుకున్నాడు. అణా అంటే ఎంత? దోమలకి తెలుసా, తాము డబ్బులు తెచ్చిపెడుతున్నామని? దోమే తన గోడు చెప్పుకుంటున్నట్టు రాస్తే ఎలా ఉంటుంది? ఒక ఆదివారం బేగంపేట వైపు తీసుకెళ్ళి, కథ జరిగింది ఇక్కడేనని చూపిస్తే ఇంకా మంచిది.

ఇక చదివిన పుస్తకాలు. 1928 వేసవిలో నెహ్రూ అలహాబాదు నుంచి ముస్సోరీలో ఉన్న పదేళ్ళ కూతురు ఇందిరకు ఉత్తరాలు రాశారు. భూమి పుట్టుక, తొలి మనుషులు, భాషలు... అన్నీ తను చదువుకున్న విషయాలే. అయితే మొదట్లోనే ఒక గులకరాయిని చూపించి, ఇది ఇంత నున్నగా ఎలా అయిందో ఆలోచించమంటారు. పెద్ద చదువుని అంత చిన్న రాయిలో పెట్టడమే అందులోని పని.

చదివిన కథని ఉన్నదున్నట్టు దించక్కర్లేదు కూడా. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ చదివి పెరిగిన తరం మన తాతయ్యలది, అమ్మమ్మలది. దాని సంపాదక బాధ్యతను చాలా ఏళ్ళు మోసిన కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిలో ఎక్కడెక్కడి దేశాల కథలూ మన ఊళ్ళో జరిగినంత తేలిగ్గా నడిచేవి. మీరు చదివిన రష్యా కథలోని మంచు ఇంట్లోవాళ్ళెవరూ చూడనిదైతే, దాన్ని మోండా మార్కెట్లో వానాకాలపు బురద చేసెయ్యండి. కథకేం నష్టం లేదు.

చెబితే సరిపోదా, రాయడం ఎందుకని అడగవచ్చు. రడ్యార్డ్ కిప్లింగ్ తన కూతురు జోసెఫిన్‌కి పడుకునే ముందు కథలు చెప్పేవాడు. ఒక్క మాట మారినా ఆ పిల్ల ఒప్పుకునేది కాదట, మొన్న చెప్పినట్టే చెప్పాలి. ‘జస్ట్ సో స్టోరీస్’ అన్న పేరు అలా వచ్చిందే. 1902లో ఆ పుస్తకం వచ్చేసరికి జోసెఫిన్ లేదు, మూడేళ్ళ ముందే న్యుమోనియాతో పోయింది. మన పిల్లలూ అంతే, మాట మారితే పట్టేస్తారు. కాగితం మీద ఉంటే, నిన్న ఏమన్నావో చూద్దామని వాళ్ళే తీసి చదువుతారు. మాకు కావలసిన చదువు అదే.

చేత్తో, పెద్ద అక్షరాలతో రాయమనండి. పేజీకి నాలుగైదు వాక్యాలు మించకుండా, కింద సగం ఖాళీ వదిలితే బొమ్మ పిల్లలే వేసుకుంటారు. పేజీలో ఎంత మేటర్ ఉంటే పిల్లలు చదవగలరో తెలియకపోతే, తార్నాకలో ఉన్న ‘మంచి పుస్తకం’ వారి చిన్నపిల్లల పుస్తకాలు రెండు తిరగేయండి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపితే మాత్రం ఈ శ్రమంతా వృథా.

తల్లిదండ్రులుగా మీకు ఒక్క మనవి. ఆ కాగితాలు మీరు దిద్దకండి. బాపమ్మ ‘గట్లనే’ అని రాస్తే ‘అలాగే’ అని మార్చకండి. తాతయ్య పాతకాలపు ‘కఱ్ఱ’ రాస్తే, ఈ ఱ ఏమిటో పిల్ల వెళ్ళి ఆయన్నే అడగాలి. కథ చివర నీతి చేర్చమని కూడా అడగకండి; పెద్దలు అది ఎలాగూ చేరుస్తారు, పిల్లలు అది వదిలేసి చదువుతారు. పూర్తయిన కథను బ్యాగులో పెట్టి తెలుగు టీచర్‌కి పంపితే, తరగతిలో ఆ పిల్ల చేతే చదివిస్తాం. మార్కులు వెయ్యం.