మీకు తెలుసా? ఊరు మారితే కథే మారిపోతుంది!

దర్శి బస్టాండులో మొదలైన ప్రేమకథనూ, కోనసీమలో లాకుల దగ్గర మొదలైన ప్రేమకథనూ ఒకేలా నడపలేం. నేల, నీరు, వాన, అప్పు మనుషుల స్వభావాన్ని మలుస్తాయి. వాళ్ల కథ ఎటు తిరగాలో కూడా చాలాసార్లు అవే తేలుస్తాయి. మన రచనల్లోంచే కొన్ని సంగతులు చూడండి.

1. పిరికి కుర్రాడికి ధైర్యం నేర్పిన నల్లమల

గిద్దలూరు, మార్కాపురం వాళ్లకు నల్లమల పొరుగు అడవే. కరువొచ్చి మేత కరవైతే గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని ఆ కొండల్లోకి వెళ్లడం ఈ సీమలో ఉన్నదే. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి దాన్నే 'కొండపొలం' నవలగా రాశారు. 2019 తానా నవలల పోటీలో దానికి బహుమతి వచ్చింది. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. పెద్ద చదువు చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఇంటికొచ్చిన కుర్రాడు తండ్రితో కలిసి మంద వెంట అడవికి వెళ్తాడు. అతనికి ధైర్యం రావడానికి రచయిత ఎవరి చేతా ఉపన్యాసం ఇప్పించలేదు. పులి తిరిగే చోట అతణ్ని మందకు కాపలా పెట్టారు, అంతే.

2. ఒక్క రాత్రిలో తేలిపోయిన నవల

డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లోనూ అడవే ఉంది. పందుల్ని మేపుకునే ముసలివాడు తప్పిపోయిన చూలుపంది కోసం పొద్దుగూకే వేళ అడవిలోకి వెళ్తాడు. 'కొండపొలం'లో అడవి రోజుల తరబడి పాఠం చెబుతుంది. ఇక్కడ ఒక్క రాత్రిలో పరీక్ష పెట్టేస్తుంది. మరో విశేషం: కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ చాలా ఏళ్లు గడిపారు. అయినా ఆయన నవలలు ఎక్కువగా పుట్టిన గడ్డ చిత్తూరు జిల్లా పల్లెల్లోనే నడుస్తాయి.

3. తుపాను లేకపోతే ఆ కథే లేదు

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. అందులో రావుగారు నియమాలు గీసుకుని బతికే పెద్దమనిషి. రైల్లో అడుక్కునే స్త్రీని చూసి ముఖం చిట్లించుకున్న ఆయన, తుపాను రాత్రి స్టేషన్లో ఆమె తోడు కోసమే వెంపర్లాడతారు. ఎండకాసే రోజున ఆ నియమాలకు ఏ ఢోకా ఉండేది కాదు.

4. ఊరి బాగుదలే అప్పుగా మారింది

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఉత్తరాంధ్రలోని సుందరపాలెం అనే ఊళ్లో జరుగుతుంది. కథలో ఎక్కువ భాగం ఒక అప్పు మీద పంచాయతీయే. బాకీపడ్డ అప్పల్రాముడి వెనక ఊరి చరిత్ర అంతా ఉంటుంది: వ్యవసాయం ఎలా మారింది, డబ్బు ఎవరి చేతికి చేరింది, 'అభివృద్ధి' ఎవరిని ముంచింది. ఆ ఊరు తెలియకపోతే, తన బిడ్డ బానిసగా బతకకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసే భయంకరమైన పని ఉన్మాదంలా కనిపిస్తుంది. ఊరు తెలిశాక గుండె బరువెక్కుతుంది.

5. నల్లరేగడి కోసం ఊళ్లు దాటిన పాత్రలు

చంద్రలత 'రేగడి విత్తులు'లో కోస్తా రైతులు తెలంగాణ నల్లరేగడి నేలల్ని వెతుక్కుంటూ వలస వెళ్తారు. ఎక్కడ ఏ పంట పండుతుందన్న లెక్కే అక్కడ పాత్రల్ని కదిలిస్తుంది.

6. మనుషులకంటే ముందు స్టేషన్ పుట్టింది

ఆర్.కె. నారాయణ్ మనసులో మాల్గుడి మొదట ఒక చిన్న రైల్వే స్టేషన్‌గా మెదిలింది. జనం తర్వాత వచ్చారు. దేశపటంలో లేని ఆ ఊరు, టీవీ సీరియల్ చిత్రీకరణ జరిగిన కర్ణాటకలో ఇప్పుడు మ్యూజియంగా మిగిలింది. అక్కడి అరసాళు పాత స్టేషన్‌ను రైల్వేవాళ్లు 'మాల్గుడి మ్యూజియం'గా మార్చారు.

7. ఒకే జిల్లా, మూడు మూలాలు

1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి ఒంగోలు వైపు గుంటూరు నుంచి, దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి చేరాయి. కాబట్టి ఒంగోలు మాటను గిద్దలూరు పాత్ర నోట పెడితే ఇక్కడి పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు. పాత్రల వృత్తులూ అంతే: మార్కాపురమంటే పలకల గనులు, కంభమంటే గుండ్లకమ్మ మీద విజయనగర కాలపు చెరువు.

8. దర్శి కథకు నీళ్లే మలుపు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లు దర్శి బ్రాంచి కాలువ దాకా వస్తాయి. ఇక బోరు నీళ్ల సంగతి వేరు. 1937లోనే వైద్య పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. ఇప్పుడు ఊహించండి: మామగారి పొలం కాలువ ఎగువన, అల్లుడి పొలం ఆయకట్టు చివర. ఎండుతున్న మిరప తోట కోసం అల్లుడు అర్ధరాత్రి తూము దగ్గరికి వెళ్తే, అక్కడ కాపలా ఉన్నది మామే! ఇంక విలన్ ఎందుకు?

దర్శి, పొదిలి, కనిగిరి వైపు కథ రాయాలనుకునేవాళ్లకు ఒక మాట. మలుపుల కోసం సినిమాలు వెతకొద్దు. మీ ఊళ్లో ఏది చాలదో, దానికోసం ఎవరు ఎవరితో తగువు పడతారో ముందు కాగితం మీద పెట్టండి. సగం కథ అక్కడే దొరుకుతుంది.