ఖాళీ దగ్గర విడదీయాలా? : కంపైలర్ ఆదేశంలో పదచ్ఛేద సమస్య

వ్యాససంగ్రహం: ప్రోగ్రామింగ్ భాషల నిర్మాణప్రక్రియలో కంపైలర్ ఆదేశాన్ని ఎక్కడ విడదీయాలన్న ప్రశ్న తెలుగు అధ్యయనకర్తలకు సుపరిచితమైన పదచ్ఛేద సమస్యకు దగ్గరిది. పైథాన్ ప్రధాన ఉదాహరణగా ఆ దోషాన్నీ, దాని సవరణనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కంపైలర్, ఆదేశం, పదచ్ఛేదం, పైథాన్, భాషాసాంకేతికత.

1. ప్రవేశిక:
‘మావిడాకులు’ అన్న మాటను ‘మా’ తరువాత విడదీస్తే కాపురం కూలినట్టు. విడదీయకపోతే గుమ్మానికి తోరణం. వినేవారు సందర్భాన్నిబట్టి అర్థం గ్రహిస్తారు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. హసన్‌పర్తిలో పరిశోధక విద్యార్థులతో కలిసి పాత పత్రికల పాఠాన్ని పదాలుగా విభజించే చిన్న పైథాన్ ఉపకరణాన్ని తయారుచేస్తున్నప్పుడు ఇది అనుభవంలోకి వచ్చింది. వేగం కోసం ఒక భాగాన్ని సి భాషలో రాశాం. అది ఒక కంప్యూటర్‌లో సజావుగా కంపైల్ అయింది; మరొకదానిలో ‘అలాంటి ఫైలు లేదు’ అన్న సందేశం వచ్చింది. కంపైలర్ అక్కడే ఉంది. అది ఉన్న ఫోల్డరు పేరులో ఒక ఖాళీ ఉంది, అంతే.

2. దోషస్వరూపం:
యూనిక్స్ సంప్రదాయంలో ఏ కంపైలర్‌ను వాడాలో ‘సీసీ’ అనే చలరాశి తెలుపుతుంది. బెల్ ల్యాబ్స్‌లో 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన ‘మేక్’ ఆదేశపంక్తిని సాధారణంగా షెల్‌కు అప్పగిస్తుంది. పదవిభజన షెల్ పని. షెల్ ప్రమేయం లేకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌నే నేరుగా అడిగితే వాక్యం చెల్లదు, విడివిడి పదాల జాబితా కావాలి. ఆ విభజన భారం భాష తాలూకు నిర్మాణసాధనంపై పడుతుంది.

విలువ ‘జీసీసీ’ అన్న ఒక్క మాటే అయితే చిక్కు లేదు. ‘సీక్యాష్ జీసీసీ’ అని రెండు మాటలుంటే, మొదటిది పాత కంపైలేషన్ ఫలితాలను దాచిపెట్టి తిరిగి అందించే సహాయకం. మొత్తాన్ని ఒకే పేరనుకుంటే అటువంటి ఫైలు దొరకదు. ప్రతి ఖాళీ దగ్గరా విడదీస్తే ఖాళీ ఉన్న ఫోల్డరు పేరు రెండు ముక్కలవుతుంది. మొదటి మాటను మాత్రమే ఉంచుకోవడం అన్నిటికంటే హానికరం: ‘జీసీసీ -ఎమ్32’ అని 32 బిట్ల కోడ్ కోరినవారికి, చడీచప్పుడు లేకుండా 64 బిట్ల కోడ్ తయారుకావచ్చు. దోషం ఒకచోట, ఫిర్యాదు ఎప్పుడో లింకింగ్ దశలో.

3. సవరణ:
పైథాన్‌లో 2000 నుంచి ఉన్న ‘డిస్ట్‌యుటిల్స్’ కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదాన్ని ఒకే పదంగా స్వీకరిస్తుంది. 2023లో వచ్చిన 3.12 సంచికలో దానిని ప్రామాణిక లైబ్రరీ నుంచి తొలగించినా, ఆ పద్ధతి ‘సెటప్‌టూల్స్’లో కొనసాగుతోంది. రస్ట్ భాషలోని ‘సీసీ’ క్రేట్ దారి వేరు: మొత్తం పేరుతో ఫైలు ఉందేమో ముందు చూస్తుంది, లేకుంటేనే విడదీస్తుంది. నిఘంటువులో సమాసం దొరికితే విగ్రహవాక్యం జోలికి పోనట్టు! ఇది సౌకర్యమే కాని, ఒకే ఆదేశానికి ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో అర్థం రావచ్చు. కనుక కొటేషన్ పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఫోల్డరు పేరులోని ఖాళీని తీసేస్తే సరిపోతుందని ఒక విద్యార్థి అన్నాడు. పని జరిగేదే. మేము మాత్రం కంపైలర్ దారిని కొటేషన్లలో ఉంచాం. మా సొంత కోడ్‌లో ఆదేశాన్ని మొదటి నుంచీ జాబితాగానే దాచి, మళ్ళీ వాక్యంగా కలపడం మానేశాం. ఆ ఖాళీ ఉన్న ఫోల్డరును పరీక్ష కోసం అలాగే ఉంచుకున్నాం.