నిద్ర లేవని యంత్రం

ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడు తెర, డిస్కు, ప్రాసెసర్ విశ్రమిస్తాయి. ర్యామ్‌కు మాత్రం కొద్దిపాటి విద్యుత్తు అందుతూ ఉంటుంది. మూత తెరవగానే ఒక్కొక్క పరికరాన్నీ దాని డ్రైవర్ పూర్వస్థితికి తీసుకొనిరావాలి. ఒక్క డ్రైవర్ తడబడినా తెర నల్లగానే మిగిలిపోతుంది. భద్రపరచని పని అంతా పోతుంది.

దోషమెక్కడ ఉన్నదో తెలుసుకోవడం మిక్కిలి కష్టం. చెప్పవలసిన తెర ఇంకా మేల్కొనలేదు, రాసిపెట్టవలసిన డిస్కూ మేల్కొనలేదు. విద్యుత్తు ఆపితే ర్యామ్‌లోని ఆనవాళ్ళు చెరిగిపోతాయి. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండగా జరిగిన దొంగతనం వంటిది ఇది!

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2006లో దీనికొక చమత్కారమైన ఉపాయం కనిపెట్టారు. దాని పేరు ‘పీఎం ట్రేస్’. యంత్రం ఆగినా లోపలి గడియారం ఆగదు కదా! ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్, పరికరాలను మేల్కొల్పుతూ, ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే సంఖ్యను తేదీ, సమయాల రూపంలో ఆ గడియారంలోనే రాస్తుంది. యంత్రం స్తంభిస్తే సుమారు 3 నిమిషాలలోపే తిరిగి ప్రారంభించాలి. ఆలస్యమైతే గడియారం నడిచి గుర్తు మారిపోతుంది. కెర్నెల్ ఆ సంఖ్యను చదివి, దానితో సరిపోలే పరికరాల పేర్లను తన లాగ్‌లో చూపుతుంది. వేర్వేరు పరికరాలకు ఒకే సంఖ్య రావచ్చును. కనుక అది అనుమానితుల జాబితాయే గాని తీర్పు కాదు. అనుమానమున్న డ్రైవర్‌ను తొలగించి, యంత్రాన్ని మళ్ళీ నిద్రపుచ్చి చూడాలి. పరీక్ష ముగిశాక తారుమారైన తేదీని సరిదిద్దుకోవాలి.