సిలిండర్ మీద తేదీ చూశారా?

1997లో గగన్ నారంగ్‌కు నాన్న ఓ ఎయిర్ పిస్టల్ కొనిచ్చారు. బేగంపేటలో ఇంటి పెరట్లోనే గురి కుదుర్చుకున్న ఆ కుర్రాడు 2012 లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. ఆ దారిలో పిల్లల్ని నడిపించాలనుకుని, కొత్త రైఫిల్ ధరకు వెనకాడే తల్లిదండ్రులు సెకండ్ హ్యాండ్‌ది కొనడంలో తప్పేమీ లేదు. పెల్లెట్ మెత్తటి సీసం, బ్యారెల్ అంత తేలిగ్గా అరగదు.

ముందుగా వయసు తీరేది రైఫిల్‌కు బిగించే గాలి సిలిండర్‌కే. అందులో గాలి 200 బార్ల దాకా నింపుతారు. కారు టైరులో ఉండేది 2 బార్ల పైచిలుకు. దాదాపు 100 రెట్ల ఒత్తిడి పిల్లల ముఖానికి మూరెడు దూరంలో ఉంటుందన్నమాట! అందుకే తయారీదార్లు మామూలుగా 10 ఏళ్ల గడువు పెడతారు. గడువు దాటకుండా చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ నిబంధన. 6 ఏళ్ల కిందటి సిలిండరైతే మిగిలింది 4 ఏళ్లే, ధర ఆ లెక్కన మాట్లాడండి. గడువు తీరిందా, కొత్త సిలిండర్ ఖరీదు మొత్తం తగ్గించమనండి. సాయంత్రం గేజ్ చూసి, పొద్దున్నే మళ్లీ చూడండి. ముల్లు బాగా దిగితే ఎక్కడో గాలి పోతోంది.

తర్వాత గురి. రైఫిల్‌ను బిగింపులో పెట్టించి 10 మీటర్ల నుంచి 5 పెల్లెట్లు కాల్పించండి. పడిన రంధ్రాల మొత్తం వెడల్పులోంచి పెల్లెట్ మందం 4.5 మి.మీ. తీసేయండి. వెడల్పు 7 వస్తే, తేడా 2.5. టార్గెట్ మధ్య పదో వలయం 0.5 మి.మీ. చుక్క. పెల్లెట్ అంచు తాకినా 10 వస్తుంది కాబట్టి కేంద్రం నుంచి ఏ వైపుకైనా 2.5 మి.మీ. దాకా, అంటే రెండు వైపులా కలిపి 5 మి.మీ. దాకా తప్పుకోవచ్చు. తేడా 5 వచ్చిందంటే ఆ వెసులుబాటంతా రైఫిలే తినేసినట్టు. అలాంటిది వద్దు. బరువు 5.5 కిలోలు మించితే పోటీకి పనికిరాదు.

చట్టం సంగతి. 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. పోటీ రైఫిల్‌ది 7.5 జౌళ్ల చుట్టూ ఉంటుంది. .22 తూటా రైఫిల్ దారి వేరు. లైసెన్స్ తప్పనిసరి, పైగా అమ్మే వ్యక్తి అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాకే చేతులు మారాలి.

బయానా ఇచ్చే ముందు సిలిండర్ విప్పించి, తేదీని మీ కళ్లతో చదవండి.