గెలాక్సీకి ఎక్స్-రే తీస్తే...

మన పిల్లలకి చెయ్యి బెణికితే ఇక్కడి డాక్టరుగారు "రాంట్‌గెన్ తీద్దాం" అంటారు. 1895లో వుర్జ్‌బర్గ్‌లో ఎక్స్-కిరణాల్ని కనిపెట్టిన విల్‌హెల్మ్ రాంట్‌గెన్ పేరే జర్మన్ భాషలో వాటికి స్థిరపడింది. "గెలాక్సీకి కూడా తీస్తారా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. తీయక్కర్లేదమ్మా, గెలాక్సీలే ఆ కిరణాల్ని పంపుతాయి, మనం పట్టుకుంటే చాలు అన్నాను.

అయితే మన వాతావరణం వాటిని కిందికి రానివ్వదు. అందుకే ఉపగ్రహాలు. 1990లో జర్మనీ ఆధ్వర్యంలో ఎగిరిన రోసాట్‌కి రాంట్‌గెన్ పేరే పెట్టారు. 1999 దాకా పనిచేసిన ఆ ఉపగ్రహం 2011 అక్టోబరులో ఎక్కడ రాలిందో తెలుసా? మన బంగాళాఖాతం మీద!

పిల్లలూ, నక్షత్రాల్లో ఒక తమాషా ఉంది. బరువు ఎక్కువైతే ఆయుష్షు తక్కువ. సూర్యుడి ఆయుష్షు సుమారు 1000 కోట్ల ఏళ్ళు. అంతకి 20 రెట్లు బరువున్న నక్షత్రం సుమారు కోటి ఏళ్ళకే అంతమైపోతుంది. మిగిలేది న్యూట్రాన్ నక్షత్రమో, కృష్ణబిలమో. దానికి జంటగా మరో పెద్ద నక్షత్రం ఉంటే, అందులోంచి వాయువుని లాక్కుంటుంది. ఆ వాయువు కోట్ల డిగ్రీలకి వేడెక్కి ఎక్స్-కిరణాల్ని వెదజల్లుతుంది.

ఇలాంటి జంటలు ఎక్కువకాలం నిలవవు. కాబట్టి ఒక గెలాక్సీలో అవి బోలెడు కనిపించాయంటే, అక్కడ ఈమధ్యే నక్షత్రాలు జోరుగా పుట్టాయన్నమాట! 2003లో మ్యూనిక్ దగ్గర గార్చింగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు గ్రిమ్, గిల్ఫనోవ్, సున్యాయెవ్ దీన్ని లెక్కకట్టి చూపించారు. పుట్టుకలు రెట్టింపైతే ఈ జంటల సంఖ్యా రెట్టింపే. వాళ్ళకి తోడ్పడిన పరిశీలనల్లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న 'చంద్ర' టెలిస్కోపువీ ఉన్నాయి.

మామూలు వెలుగుతో లెక్కపెట్టకూడదా అంటే, నక్షత్రాలు పుట్టేచోట ధూళి దట్టంగా ఉంటుంది. శక్తిమంతమైన ఎక్స్-కిరణాలు దాన్ని దాటుకొస్తాయి. బెర్లిన్‌లో బోడె 1774లో కనుగొన్న ఎం82 గెలాక్సీ అలాంటిదే. 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సప్తర్షి మండలంలో ఉంది. కాకపోతే ముసలి నక్షత్రాల జంటలు, గెలాక్సీ నడిమధ్య ఉండే పెద్ద కృష్ణబిలం కూడా ఎక్స్-కిరణాలిస్తాయి. వాటి వాటా తీసేశాకే సరైన లెక్క తేలుతుంది.

ఒకరి మరణం దగ్గర వెలిగిన దీపంతో ఇంకొందరి పుట్టుకని లెక్కపెట్టడం! మ్యూనిక్ వస్తే యు6 రైలెక్కి చివరి స్టేషన్ గార్చింగ్-ఫోర్షుంగ్స్‌జెంట్రుమ్‌లో దిగండి. అక్కడి 'ఈఎస్ఓ సూపర్‌నోవా' ప్లానెటోరియం పిల్లలకి తప్పకుండా నచ్చుతుంది.