ముసలి పిల్లి రాత్రి అరుపులు: ముందు నిర్ధారణ, తరువాతే యాజమాన్యం

వరి ఆకులు పసుపు రంగుకు తిరిగాయని రైతు చెప్పగానే యూరియా చల్లమని సలహా ఇచ్చే విద్యార్థిని మేము మౌఖిక పరీక్షలో అంత తేలికగా వదలము. పసుపు రంగు ముదురు ఆకులలో మొదలైందా, లేత ఆకులలోనా? మడిలో నీరు ఎన్నాళ్లుగా నిలిచి ఉంది? వేళ్లు తెల్లగా ఉన్నాయా, నల్లబడ్డాయా? నత్రజని లోపమా, జింకు లోపమా, గంధక లోపమా, టుంగ్రో తెగులా? లక్షణం ఒకటే అయినా కారణాలు అనేకమని పాతికేళ్లకు పైగా బోధిస్తున్న నేను, గత సార్వా కాలంలో కృష్ణా జిల్లా మొవ్వ మండలం కూచిపూడిలోని మా ఇంటి వసారాలో ఆ పాఠాన్నే మరచిపోయాను. ఆ మరపు ఒక మూగజీవి ప్రాణాన్ని తీసి ఉండేది. గ్రామాలలో తిరిగే విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఈ అనుభవం ఉపకరిస్తుందన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

గాదెతో ఏర్పడిన బంధం

పిల్లిని మనిషి వేటాడి పట్టి తెచ్చుకోలేదు. ధాన్యం నిల్వ చేయడం నేర్చిన మనిషి చుట్టూ ఎలుకలు చేరాయి, ఎలుకల కోసం పిల్లి చేరింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధిలో మనిషి అస్థిపంజరం పక్కనే పిల్లి అస్థిపంజరం బయటపడిన విషయాన్ని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నేటి పెంపుడు పిల్లులకు మూలం పశ్చిమాసియా ప్రాంతపు అడవి పిల్లి అని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. గోధుమ, బార్లీ సాగు మొదలైన ప్రాంతం కూడా అదే. కావున పిల్లి చరిత్ర వ్యవసాయ చరిత్రలో ఒక భాగమే.

మా ఇంటికి పిల్లి వచ్చింది కూడా అదే దారిన. 2009లో విత్తన ధాన్యం బస్తాలను పందికొక్కులు కొరికి పాడుచేస్తుంటే మా అమ్మ ఒక ఆడ పిల్లి కూనను తెచ్చింది. నడకలోని వయ్యారాన్ని చూసి దానికి భామ అని పేరు పెట్టింది. కూచిపూడిలో ఆ పేరుకు వేరే వివరణ అవసరం లేదు. పదేళ్లకు పైగా మా ధాన్యం గదిలో ఎలుక అలికిడి లేదు. ఇప్పుడు గదిలో ధాన్యమూ లేదు. పొలం కౌలుకు ఇచ్చాము, పిల్లలమంతా ఉద్యోగాల మీద వేర్వేరు ఊళ్లలో ఉన్నాము. ఎనభై దాటిన అమ్మ, పదిహేనేళ్లు నిండిన భామ మాత్రమే ఆ ఇంట్లో ఉంటున్నారు.

అర్ధరాత్రి అరుపు

గత ఆషాఢంలో సమస్య మొదలైంది. రాత్రి ఒంటిగంట దాటగానే భామ నడవా మూలకు చేరి, గోడ వైపు తిరిగి గొంతెత్తి అరిచేది. అది ఆకలి అరుపు కాదు, ఎద అరుపూ కాదు. దీర్ఘంగా, బొంగురుగా, ఎవరినో వెతుకుతున్నట్లు ఉండేది. అమ్మ లేచి పాలు పోసేది. భామ రెండు గుక్కలు తాగి ఊరుకునేది, అరగంటకు మళ్లీ మొదలుపెట్టేది. నెల రోజులు నిద్ర లేకపోవడంతో అమ్మకు రక్తపోటు పెరిగింది. ఒక వాన రాత్రి దీపం వేయకుండా లేచి, వసారాలో కాలు జారి పడింది. ఎముక విరగలేదు గాని మణికట్టు వాచింది.

దాంతో ఇంట్లో చర్చ మొదలైంది. రాత్రి పిల్లి ఏడిస్తే అరిష్టమని ఇరుగుపొరుగు వారు అన్నారు. గోనె సంచిలో వేసి కాలువ వంతెన దాటించి వదిలి వస్తానని ఒక బంధువు ముందుకు వచ్చాడు. మా అన్నదమ్ములకు ఆ సలహా నచ్చింది. నేను కూడా మౌనంగా ఉన్నాను. అప్పుడు అమ్మ అన్న మాట ఇది: "పదిహేనేళ్లు గాదె కాచింది. వయసు మీద పడి రాత్రిళ్లు అరుస్తోందని కాలవ దాటిస్తారా? రేపు నేనూ అరుస్తానేమో. అప్పుడు నన్నెక్కడ దింపి వస్తారురా?"

ఎవరమూ సమాధానం చెప్పలేదు.

తప్పిన ప్రమాదం

మంచం మీదికి ఎక్కడానికి భామ తడబడడం చూసి, ఇది కీళ్ల నొప్పి వలన కలిగే బాధ అని నాకు నేనే నిర్ధారించుకున్నాను. అమ్మ మందుల డబ్బాలోని పారాసిటమాల్ మాత్రలో సగం పొడి చేసి పెరుగన్నంలో కలిపాను. పెట్టబోయే ముందు, మోతాదు అడుగుదామని పశువైద్యుడైన ఒక మిత్రునికి ఫోన్ చేశాను. "ఆ అన్నం ముందు పారబోయండి" అన్నది ఆయన మొదటి మాట.

పారాసిటమాల్‌ను మనిషి కాలేయం ప్రధానంగా గ్లూకురోనిక్ ఆమ్లంతో జతపరచి విసర్జనకు పంపుతుంది. ఆ పని చేయవలసిన ఎంజైము పిల్లి కాలేయంలో తగినంత ఉండదు. విషపూరితమైన ఉత్పన్నాలు రక్తంలో చేరి హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువును మోయలేని స్థితికి మారుస్తాయి. చిగుళ్లు గోధుమ లేదా నీలి రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. మనుషులు వాడే ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు.

నాకు సిగ్గు కలిగించినది ఈ విషయం తెలియకపోవడం కాదు, ఇటువంటి సూత్రాన్నే నేను ఏటా బోధిస్తూ ఉండడం. ప్రొపానిల్ కలుపు మందు ఊదను చంపి వరిని ఎందుకు వదిలివేస్తుంది? దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైము వరిలో పుష్కలంగా ఉంది, ఊదలో లేదు. ఒకే మందు, రెండు జీవులు, రెండు ఫలితాలు. పొలంలో ఈ తేడాను వివరించే నేను వంటింట్లో మరచిపోయాను.

పరిశీలన పట్టిక

మిత్రుని సూచన మేరకు మందుల ఆలోచన మాని పది రోజులపాటు పరిశీలించాము. గోడ క్యాలెండరు గడులలో అమ్మే వివరాలు రాసింది. అరుపు మొదలైన సమయం, ఆగిన సమయం, గిన్నెలో తగ్గిన నీరు, తిన్న ఆహారం, మూత్రం పోసిన చోటు. విత్తనాలు తూచే కాటా మీద బరువు చూశాము. ఏడాది క్రితం 3.9 కిలోలున్నది 3.1 కిలోలకు తగ్గింది. నీరు మునుపటికంటే రెట్టింపు తాగుతోంది. పక్క ఇంట్లో పిల్లలు నాట్యసాధన చేసేటప్పుడు తాళం చప్పుడుకు చెవులు తిప్పేది, ఇప్పుడు తిప్పడం లేదు. పగటి వెలుగులో కూడా కనుపాపలు విచ్చుకునే ఉంటున్నాయి. అరుపులన్నీ దీపాలు ఆర్పిన తరువాతే మొదలవుతున్నాయి.

ఈ క్యాలెండరును చూసి పశువైద్యుడు సగం దారి నడిచినట్లేనన్నారు. రక్త పరీక్ష, మూత్ర పరీక్ష, రక్తపోటు కొలత, కంటి పరీక్షల తరువాత తేలినది ఇది: మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధి, దానితోపాటు అధిక రక్తపోటు. రక్తపోటు వలన కంటి తెర దెబ్బతిని చూపు చాలావరకు పోయింది. చీకటి పడితే భామకు తాను ఎక్కడ ఉన్నదో తెలియడం లేదు. గోడ వైపు తిరిగి అరుస్తున్నది అందుకే.

కారణాలు ఒకటి కాదు

ముసలి పిల్లి రాత్రి అరుపునకు ప్రధానంగా ఈ క్రింది కారణాలను పరిశీలించాలి.

థైరాయిడ్ గ్రంథి అధికంగా పనిచేయడం: పిల్లులలో ఈ వ్యాధిని 1979లో తొలిసారి వర్ణించారు. ఆకలి పెరుగుతుంది, అయినా బరువు తగ్గుతుంది. స్థిమితం ఉండదు.

మూత్రపిండాల వ్యాధి, అధిక రక్తపోటు: దాహం, మూత్రం ఎక్కువవుతాయి. అకస్మాత్తుగా చూపు పోవచ్చు.

కీళ్ల అరుగుదల: పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్-రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకు ఈ మార్పులు కనిపించాయి. కుంటడం కంటే గెంతడం మానివేయడమే దీని గుర్తు.

వినికిడి, చూపు తగ్గడం: తన గొంతు తనకు వినబడని పిల్లి మరింత గట్టిగా అరుస్తుంది.

మెదడు క్షీణత: మనుషులలోని మతిమరుపు వ్యాధిని పోలినది. దారి తప్పడం, నిద్ర వేళలు తారుమారు కావడం, ఇంటివారిని గుర్తించడంలో తేడా, ఎక్కడపడితే అక్కడ మలమూత్ర విసర్జన దీని లక్షణాలు. వయసుకు సంబంధించిన ప్రవర్తన మార్పులు 11 నుండి 14 ఏళ్ల పిల్లులలో సుమారు 28 శాతంలోను, 15 ఏళ్లు దాటిన వాటిలో సుమారు సగంలోను కనిపిస్తాయని పరిశోధకులు గుర్తించారు. పై వ్యాధులేవీ లేవని తేలిన తరువాతే ఈ నిర్ధారణకు రావాలి.

చికిత్స, ఇంటి ఏర్పాట్లు

భామకు వైద్యుడు రాసిన మందు ఆమ్లోడిపిన్. అమ్మ రక్తపోటుకు వాడే మందు కూడా అదే. మనుషుల మాత్ర ఒకటి పిల్లికి విషం, మరొకటి ఔషధం. తేడాను, మోతాదును నిర్ణయించవలసినది వైద్యుడే తప్ప మన ఊహ కాదు. భాస్వరం తక్కువగా ఉండే ఆహారాన్ని సూచించారు. పాలు మాన్పించారు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. అంతేకాక, అరిచిన ప్రతిసారీ పాలు పోయడం వలన అరిస్తే పాలు వస్తాయన్న అలవాటు కూడా పడింది.

ఇంట్లో చేసిన మార్పులకు పెద్దగా ఖర్చు కాలేదు. నడవాలో, వసారాలో రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టాము. అవి భామకు ఎంత మేలు చేశాయో అమ్మకూ అంతే మేలు చేశాయి. పడుకునే చోటు, నీటి గిన్నె, ఇసుక పోసిన పళ్లెం ఒకే గదిలో, ఎప్పుడూ ఒకే చోట ఉంచాము. పళ్లెం అంచును ఒకవైపు తగ్గించాము. పగలంతా నిద్రపోనీయకుండా సాయంత్రం కాసేపు తాడు ముక్కతో ఆడించి, అమ్మ పడుకునే ముందు చివరి ఆహారం పెట్టడం అలవాటు చేశాము. సామాను స్థానాలు మార్చడం మానివేశాము.

ఎలుకల మందు, ముసలి పిల్లి

వంతెన దాటించి వదలడం ఎంత అపాయకరమో మన రంగం వారికి వేరుగా చెప్పనవసరం లేదు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమడయోలోన్ 2 పాళ్లు కలిపిన ఎరను బొరియలలో పెట్టమని మనమే సిఫారసు చేస్తాము. ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు నీరసంగా తిరుగుతుంది. వేట శక్తి తగ్గిన ముసలి పిల్లికి దొరికేది అటువంటి ఎలుకే. అటువంటి వాటిని పదేపదే తిన్న పిల్లిలో రక్తం గడ్డకట్టే గుణం తగ్గి, కొన్ని రోజుల తరువాత రక్తస్రావం మొదలవుతుంది. సకాలంలో గుర్తిస్తే విటమిన్ కె1 తో కాపాడవచ్చు. కావున సామూహిక ఎలుకల నివారణ చేపట్టే గ్రామాలలో ఈ జాగ్రత్తలు చెప్పాలి: ఎరను బొరియ లోపలే ఉంచాలి, చనిపోయిన ఎలుకలను ఏరి పూడ్చాలి, ఆ రోజులలో పెంపుడు పిల్లులను ఇంట్లోనే ఉంచి కడుపునిండా ఆహారం పెట్టాలి. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందులను పిల్లులకు పూయరాదని కూడా తెలియజేయాలి. అవి పిల్లులకు విషం.

విస్తరణ సిబ్బందికి మనవి

పిల్లి అరుపు మన శాఖకు సంబంధించినది కాదనుకోవచ్చు. అయితే గ్రామంలో రైతు కుటుంబం మొదట అడిగేది తమకు పరిచయమున్న వారినే. అప్పుడు చెప్పవలసినవి మూడు మాటలు. పది రోజులు గమనించి రాయండి. మనుషుల మందులు వేయకండి. పశువైద్యునికి చూపించండి. కృష్ణా డెల్టా రైతులకు గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల అందుబాటులో ఉంది. పాడి పశువులనే కాదు, గాదె కాచిన పిల్లిని కూడా తీసుకువెళ్లవచ్చునని చెప్పడం మన బాధ్యత.

చికిత్స మొదలైన నెల రోజులకు క్యాలెండరు గడులలో అరుపుల సంఖ్య బాగా తగ్గింది. పూర్తిగా ఆగలేదు, ఆగుతుందని వైద్యుడు కూడా చెప్పలేదు. పాడైన మూత్రపిండాలు బాగుపడవు, పోయిన చూపు తిరిగి రాలేదు. ఇప్పటికీ ఏ తెల్లవారుజామునో భామ ఒకసారి పిలుస్తుంది. అమ్మ మంచం దిగదు. దీపం వెలుగులో చేయి చాపి మంచం పట్టె మీద రెండుసార్లు తడుతుంది. ఆ అదురును పసిగట్టి భామ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ముడుచుకుంటుంది. తరువాత ఇద్దరూ నిద్రపోతారు.